కొంచెం కదిలింది

జూన్ 3

బాబాయ్‌కి, పిన్నికి,

ఈ ఉదయం ఆస్పత్రి రెండో అంతస్తు వరండాలో మూడో ట్యూబులైటు ఆరిపోయి ఉంది. నర్సుల తెల్ల చెప్పులు దాని కిందికి రాగానే బూడిదరంగుకి తిరుగుతున్నాయి, దాటగానే మళ్ళీ తెల్లబడుతున్నాయి. ఫైళ్ళ కట్ట పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి చూశాను. మీరుంటే ఎంత వెలుతురు తగ్గిందో లెక్క కట్టి చెప్పేవారు.

నేను బాగానే ఉన్నాను. రికార్డుల గదిలో పని మామూలే. వచ్చిన ఫైలుకి నంబరు వేస్తాను, కనపడని ఫైలు వెతుకుతాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

బాబాయ్, ఒక సలహా కావాలి. మీరిచ్చిన కెమెరాకి లెన్సు కొనాలి. పెద్ద నర్సు నా బల్ల మీద కెమెరా చూసి ఒక పని అప్పగించింది. ఇక్కడ పుట్టిన పిల్లల్లో కొందరికి, అమ్మానాన్నలతో కలిపి ఒక ఫోటో తీయాలి. అందరికీ కాదు. ఆవిడ పిలిచినప్పుడే. పుట్టిన రోజే తీసేయాలి.

గది వరండా చివర ఉంది. ఒకప్పుడు దుప్పట్లు దాచుకునేవారట. గోడ నుంచి గోడకి ఏడడుగులు. ఒక మంచం, ఒక కుర్చీ, మసక అద్దం ఉన్న చిన్న కిటికీ. లైటు వేయకూడదు. ఫ్లాష్ అసలే వద్దన్నారు. ఇప్పుడున్న జూమ్ ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. గోడకి వీపు ఆనించి నిలబడినా మంచం సగమే వస్తోంది. దాని కన్ను, అదే మీ భాషలో అపర్చర్, మూడున్నర కన్నా ఎక్కువ తెరుచుకోదు. అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుందని మీరేగా నేర్పారు. కొట్టతను రెండు చూపించాడు. ఒకటి ఇరవై మిల్లీమీటర్లది, కన్ను ఒకటి పాయింట్ ఎనిమిది. రెండోది ఇరవై నాలుగు, కన్ను ఒకటి పాయింట్ నాలుగు. ఏది తీసుకోను? త్వరగా రాయండి. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు.

ఉత్తరం మీ ఇద్దరూ చదువుతారని తెలుసు కాబట్టి ఇద్దరికీ కలిపే రాశాను.

మీ
సైలెన్సు

*

జూన్ 9

బోర్డింగ్ స్కూల్లో మౌనానికి ప్రైజు కొట్టుకొచ్చిన మా సైలెన్సు గారికి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు నూరేళ్ళు చల్లగా ఉండు. నా చెవులు ఈ ఏడు పూర్తిగా రిటైరయ్యాయి. మీ పిన్ని తిట్లు కూడా ఇప్పుడు పెదాలు చూసి పోల్చుకోవాల్సి వస్తోంది. ఆవిడ అది కనిపెట్టి, తిట్టేటప్పుడు అటు తిరిగి తిడుతోంది. పొద్దున్న నాలుగు గంటలు ఫోటో ఫ్రేముల కొట్లో కూర్చుంటున్నాను. మా ఫ్రేములవాడు నాకంటే చెవిటివాడు. ఇద్దరం హాయిగా ఉన్నాం.

ఇక అసలు సంగతి. నాకెంత సంతోషం వేసిందో తెలుసా? మా ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టింది నువ్వొక్కదానివే. అదీ పురిటి బిడ్డల ఫోటోలు!

ఇరవై వద్దు. గది మొత్తం వస్తుంది నిజమే, కానీ అంచుకి వచ్చిన తల కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ తల సాగదీసి చూపిస్తే ఏ తల్లీ నిన్ను క్షమించదు. ఇరవై నాలుగు, ఒకటి పాయింట్ నాలుగు తీసుకో. పసివాళ్ళు నిద్రలో కూడా ఊరుకోరు. కాలు తన్నడం, మూతి తిప్పడం, ఆవలింతలు. కాబట్టి షట్టరు సెకనులో అరవయ్యో వంతు కన్నా నెమ్మదించనీకు. బొమ్మలో గింజ, ఇసక చల్లినట్టు చుక్కలు, పడితే పడనీ. గింజ పడ్డా ముఖం ముఖమే. కదిలిన ముఖం మాత్రం ఎందుకూ కొరగాదు.

ఇంకో మాట. బ్యాగులో ఒక గిలక పెట్టుకో. గిలక మోగిస్తే కళ్ళు తెరిచి చూస్తారు.

మీ పిన్ని ఉత్తరం చదివి "జాగ్రత్తగా తియ్యమను" అంది. అంతే అంది.

నీ చెవిటి బాబాయి

*

జూన్ 15

బాబాయ్‌కి, పిన్నికి,

ఉత్తరం అందింది. గిలక అక్కర్లేదు బాబాయ్.

మా పిల్లలు కదలరు. అమ్మలే కదులుతారు. అందుకే షట్టరు ఎంతలో పెట్టాలో తోచడం లేదు. మొదటి ఫోటో పోయిన నెల తీశాను, జూమ్‌తో, ఎనిమిదో వంతు సెకనులో. ఒక్కటే తీశాను. ఫోకస్ దొరకగానే కెమెరా 'పీప్' అని అరిచింది. ఆ గదిలో ఆ చప్పుడు ఎంత పెద్దదో చెప్పలేను. రెండోది తీయడానికి చెయ్యి రాలేదు. ఆ శబ్దం ఆపేయవచ్చని తర్వాత కెమెరా పుస్తకం చదివి తెలుసుకున్నాను.

ఆ ఫోటో బాగా రాలేదు. మంచం ఉంది, దుప్పటి ఉంది, ముఖం ఉండాల్సిన చోట పాలమరక లాంటిది ఉంది. ఆ అమ్మ ఎప్పుడో ఒకరోజు దాని కోసం వస్తుంది. ఏం చెప్పాలి?

స్కూల్లో ఉన్నప్పుడు మీకు రాసే ప్రతి ఉత్తరం ముందు సిస్టర్ చదివేది, గుర్తుందా? అందుకే అప్పట్లో సగం సంగతులు రాసేదాన్ని కాదు. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఈ ఉత్తరం కూడా సరిగ్గా రాసినట్టు లేదు.

పిన్ని మోకాలి నొప్పి ఎలా ఉంది?

మీ
సైలెన్సు

*

జూన్ 20

సైలెన్సమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కదలని పసిబిడ్డలా? నలభై ఏళ్ళ సర్వీసులో కదలని బిడ్డని నేను చూడలేదు. మీ ఆస్పత్రిలో పాలకు బదులు ఏం పోస్తున్నారే? నిజంగా కదలకపోతే ఒకటి పాయింట్ నాలుగు దేనికి? కొట్టువాడు నీకు అంటగడుతున్నాడు. స్టాండు వేసుకో, సెకను తెరిచి ఉంచు, ఉన్న జూమే చాలు.

ముందు ఆ ఫోటోలో కదిలింది ఎవరో చూడు. కదలడంలో రెండు రకాలు. నీ చెయ్యి కదిలితే మొత్తం కదులుతుంది. మనిషే కాదు, మంచం కమ్మీ కూడా రెండు కమ్మీలై కనపడుతుంది. మనిషి కదిలితే కమ్మీ గీత గీసినట్టు నిలబడి ఉంటుంది, మనిషొక్కడే చెదిరిపోతాడు. కాబట్టి ఏ ఫోటో పాడైనా ముందు కమ్మీ చూడు. తప్పు నీదా వాళ్ళదా అదే చెబుతుంది.

దీనికింత బెంగ ఎందుకు? కస్టమరు వస్తే సాగదీయకు, సంజాయిషీలు ఇవ్వకు. "కొంచెం కదిలింది" అను. మా స్టూడియోలో ఆ ఒక్క మాటతో నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాను. అందరికీ అర్థమయ్యే మాట. ఆ తర్వాత బిడ్డని మళ్ళీ తీసుకురమ్మను, మళ్ళీ తియ్యి. పసివాళ్ళు ఎక్కడికీ పారిపోరు.

మీ పిన్ని మోకాలు ఆవిడ మాట వినడం లేదు. నా మాట అసలే వినదు.

నీ చెవిటి బాబాయి

*

జూన్ 26

బాబాయ్‌కి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా ఫ్రేముల కొట్టుకి రాస్తున్నాను. చదివాక ఇంటికి తీసుకెళ్ళకండి.

నేను ఫోటో తీసే పిల్లలు బతికి పుట్టిన పిల్లలు కారు. ఇంటికి రాసే ఉత్తరంలో ఆ మాట రాయలేకపోయాను. పిన్నికి ఒకసారి అలా అయిందని అమ్మ చెప్పింది, నేను పుట్టక ముందు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరని కూడా చెప్పింది. పిన్ని చదువుతుందని చుట్టూ తిప్పి రాశాను. దాంతో మీకూ తప్పుగానే అర్థమైంది.

పెద్ద నర్సు ఈ పని ఎందుకు మొదలుపెట్టిందంటే, కొందరు అమ్మలు పదేళ్ళ తర్వాత వచ్చి, ముఖం గుర్తు రావడం లేదని అడుగుతారట. అప్పటికి మా దగ్గర ఫైలు నంబరు తప్ప ఏమీ ఉండదు. ఆ నంబరు వేసేది నేనే. అందుకే ఒప్పుకున్నాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆ మొదటి ఫోటో తాలూకు అమ్మ వచ్చింది. రికార్డుల గదికి కాగితాలు అందించే ఒక చిన్న కిటికీ ఉంది. అక్కడ నిలబడి, "ఫోటో ఉంటుందన్నారు" అంది.

కవరు తీశాను. ఎలా చెప్పాలో తెలీక మీ మాటే చెప్పాను.

"కొంచెం కదిలిందమ్మా."

"ఏంటి?"

"ముఖం దగ్గర. కొంచెం కదిలింది."

ఆవిడ కిటికీ చట్రం రెండు చేతులతో పట్టుకుంది. "కదిలిందా? నువ్వు చూశావా?"

ఫోటో సంగతే అడుగుతోందనుకున్నాను. "చూశానమ్మా. స్పష్టంగా తెలుస్తోంది" అన్నాను.

ఆవిడకి పుట్టింది ఆడపిల్ల బాబాయ్. మన భాషలో ఫోటోకీ ఆడపిల్లకీ క్రియ ఒకటే. అదే మగపిల్లాడైతే ఇలా జరిగేది కాదు. వ్యాకరణంలో నాకెప్పుడూ మంచి మార్కులే. ఆ నిమిషంలో ఆ సంగతి తట్టలేదు.

ఆవిడ మెట్లెక్కి పరిగెత్తింది. పైనుంచి అరుపులు కింద దాకా వినిపించాయి. "నా పిల్ల కదిలిందంట! కింద ఆ అమ్మాయి చూసిందంట! చూసుకోకుండా గుడ్డలో చుట్టేశారు కదే!" నన్ను పైకి పిలిచారు. వరండా నిండా జనం. ఆవిడతో వచ్చిన వాళ్ళాయన నా ముందుకొచ్చి, "ఏం చూశావు నువ్వు? చెప్పు. చెప్పవేంటమ్మా, నోరు లేదా?" అన్నాడు. కవరు ముందుకు చాచాను. పెద్ద నర్సే ఫోటో చూసి, నన్ను చూసి, విషయం గ్రహించి వాళ్ళకి చెప్పింది. ఆయనకి అర్థమైంది. ఆవిడకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేదేమో.

అప్పటి నుంచి రోజూ పొద్దున్న పదింటికి వస్తోంది. ఫోటో ఇస్తామంటే పుచ్చుకోదు. "ఏ పక్కకి కదిలింది? చెయ్యా, తలా?" అని అడుగుతుంది. నేను బీరువా వెనక నిలబడతాను. పక్క బల్ల గుమాస్తా "ఆ అమ్మాయి ఇవాళ రాలేదమ్మా" అని పంపించేస్తాడు. ఆవిడకి నా చెప్పులు కనపడతాయేమోనని వాటిని కూడా లోపలికి లాక్కుంటున్నాను.

ఈ పని మానేస్తానని పెద్ద నర్సుకి చెబుదామనుకుంటున్నాను. లెన్సు సంగతి మర్చిపోండి.

మీ
సైలెన్సు

*

జూలై 2

అమ్మాయీ,

ఫ్రేముల కొట్టులో కూర్చుని రాస్తున్నాను.

నలభై ఏళ్ళలో కదలని బిడ్డని చూడలేదని రాశాను. అది అబద్ధం. ఒకళ్ళని చూశాను.

ఇరవై ఏడేళ్ళయింది. మీ పిన్నికి ఆపరేషను చేశారు. ఇంకా మత్తులోనే ఉంది. ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి, మీ పిన్ని పక్కన పడుకోబెట్టి, అయిదు నిమిషాలంది. నా భుజానికి కెమెరా ఉంది. పుట్టగానే తీయాలని పొద్దున్నే తగిలించుకుని వెళ్ళాను. ఆ గదిలో వెలుతురు లేదు. నా దగ్గరున్న లెన్సు కన్ను మూడున్నర. పావు సెకను. ఒకటే తీశాను. నీలాగే.

ఆ సాయంత్రం ఫిల్ము నేనే కడిగాను. తడి ఫిల్ము ఎత్తి దీపం ముందు పెడితే చెదిరిపోయి ఉంది. నా చేతులు వణికాయని అర్థమైంది. ఊళ్ళో అందరి పిల్లల్నీ తీసినవాణ్ణి, నా పిల్లని తీయలేకపోయాను. ప్రింటు వెయ్యలేదు. వారం తర్వాత మీ పిన్ని లేచి కూర్చుని అడిగింది, "ఫోటో తీశావా?" అని. వెలుతురు చాల్లేదు, తీయలేదన్నాను. సరే అంది. మళ్ళీ అడగలేదు. ఒక్కసారైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. బిడ్డని తను చూడనేలేదు.

మర్నెల ఒక లెన్సు కొన్నాను. ఇరవై ఎనిమిది, కన్ను రెండు. దేనికి కొన్నానో నాకే తెలీదు. ఒక్క ఫోటో కూడా తీయలేదు దాంతో. అది నీకు పంపుతున్నాను. నీ కెమెరాకి పట్టేదే. కొట్టువాడు చూపించిన రెండూ వద్దు. ఇరవై నాలుగైనా అంత దగ్గర్లో తలని లాగుతుంది. ముప్ఫై అయిదులో నాన్న తెగిపోతాడు. ఇరవై ఎనిమిదిలో ముగ్గురూ పడతారు, ఎవరి ముఖం వాళ్ళకే ఉంటుంది. ఒకటి పాయింట్ నాలుగైతే కన్ను మీద ఫోకస్ పెడితే చెవి కరిగిపోతుంది. ఆ తల్లులకి చెవి కూడా కావాలి. రెండు చాలు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, చప్పుడు చెయ్యదు. అరవయ్యో వంతు అన్నది మాత్రం మార్చకు. తల్లి కదులుతుందని నువ్వు రాసింది నిజం.

లెన్సు పెట్టెలో స్పాంజి కింద, తెల్ల కాగితంలో చుట్టి ఆ నెగటివ్ ఉంది. మీ పిన్నికి తెలీదు. ఆ పెట్టె ఆవిడ ఎన్నడూ తెరవలేదు. దాన్ని కాల్చెయ్. ఇన్నేళ్ళలో నా చేత్తో కాలేదు. పెట్టె కూడా ఇప్పుడు తెరవలేదు, తెరిస్తే పంపలేను.

ఆ మాట నీకు నేర్పింది నేను. ఆ తల్లికి జరిగినదాంట్లో సగం తప్పు నాది. పని మానేస్తే నేను ఏమీ అనుకోను. కానీ మానేసే ముందు ఆవిడకి ఒకసారి కమ్మీ చూపించు.

బాబాయి

*

జూలై 11

బాబాయ్‌కి,

ఈ పొద్దున్న వరండాలో మూడో ట్యూబులైటు మార్చారు. కొత్తది మిగతావాటి కన్నా తెల్లగా ఉంది. ఇప్పుడు పాతవన్నీ ఆరిపోయినట్టు కనిపిస్తున్నాయి.

పార్సిల్ సోమవారం అందింది. మంగళవారం పదింటికి ఆ అమ్మ వచ్చింది. గుమాస్తా "ఇవాళ రాలేదమ్మా" అనబోతుంటే బీరువా వెనక నుంచి వెళ్ళి తలుపు తీశాను. నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఫోటో బల్ల మీద పెట్టి భూతద్దం ఇచ్చాను.

ముందుగా ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, స్కూల్లో ఉపన్యాసానికి రాసుకున్నట్టు. అందులో ఒక్క ముక్కా చదవలేదు.

"ఇది మంచం కమ్మీ అమ్మా. చూడండి, నిలబడి ఉంది. దుప్పటి అంచూ నిలబడే ఉంది. ఇది మీ మోచెయ్యి. ఇక్కడి నుంచి చెదిరింది. మీరు ఒళ్ళో పెట్టుకుని ఊపుతున్నారు. మీ చేతులు ఊగాయి. చేతుల్లో ఉన్నది వాటితో పాటు ఊగింది."

ఆవిడ చాలాసేపు చూసింది. భూతద్దం ముఖం మీద నుంచి మోచేతి దాకా తెచ్చింది, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళింది.

"జోకొట్టాను," అంది.

"అవునమ్మా."

"ఏడుస్తుందేమోనని."

గుమాస్తా లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ ఫోటో కవర్లో పెట్టుకుని సంచిలో దాచుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ మాట ఇంకెవరితోనూ అనకు," అంది. అననని చెప్పాను. మసకగా ఉందని చెబుతాను ఇకమీద. నిన్నా ఇవాళా రాలేదు. పదింటికి నేను కిటికీ వైపు చూస్తూనే ఉన్నాను.

బుధవారం పెద్ద నర్సు పిలిచింది. మానేస్తానని చెప్పడానికే వెళ్ళాను, కానీ కెమెరాతో వెళ్ళాను. మీ లెన్సు తగిలించే ఉంది. మగపిల్లాడు. గోడకి వీపు ఆనించాను. ముగ్గురూ పట్టారు, కమ్మీ మీద వాళ్ళ నాన్న చెయ్యి కూడా. రింగు బిగువుగా తిరిగింది, ఇరవై ఏడేళ్ళు ఎవరూ తిప్పలేదు కదా. ఫోకస్ కుదరడానికి నాలుగు సెకన్లు పట్టింది. కన్ను రెండు, అరవయ్యో వంతు. గింజ పడింది. చెవి ఉంది, చెవి మీద సన్నటి నూగు ఉంది. ఎవరూ నా వైపు చూడలేదు. మానేస్తానన్న మాట పెద్ద నర్సుకి చెప్పలేదు.

నెగటివ్ కాల్చలేదు బాబాయ్. కోప్పడకండి. డాక్టర్లు ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె మీద పెట్టి, భూతద్దంతో చూశాను. మీరు చెప్పినట్టే ముందు కమ్మీ చూశాను.

కమ్మీ గీత గీసినట్టు ఉంది. మంచానికి కట్టిన నంబరు చీటీ మీద అంకెలు చదవగలిగాను. పాపని చుట్టిన గుడ్డ నేత తెలుస్తోంది. మీ చేతులు వణకలేదు. ఎక్కడా వణకలేదు. మీరు తడి ఫిల్మును దీపం ముందు ఒక్కసారి ఎత్తి చూసి వదిలేసి ఉంటారు.

చెదిరింది ఒక్కచోటే. పాప చెంప దగ్గర ఒక చెయ్యి ఉంది. దాని నాలుగు వేళ్ళు చెంప మీద పైనుంచి కిందికి చెదిరాయి. చెంపలో సగం వాటి కింద పోయింది. మిగతా సగం, ఒక కన్ను, ముక్కు, పై పెదవి స్పష్టంగా ఉన్నాయి. ఆ చేతికి సెలైను సూది ఉంది.

పిన్ని మత్తులో లేదు బాబాయ్.

రెండు ప్రింట్లు వేశాను. ఒకటి ఈ కవర్లో ఉంది. రెండోది నా దగ్గర ఉంచాను. దాన్ని ఎక్కడికి పంపాలో మీరు రాస్తే అక్కడికి పంపుతాను.

లెన్సు బాగుంది. వారం వారం తుడుస్తాను.

నెగటివ్ చుట్టిన తెల్ల కాగితం లోపలి వైపు ఒక పేరు రాసి ఉంది. ఆడపిల్ల పేరు. సిరా వెలిసి గోధుమరంగుకి తిరిగింది. చేతిరాత పిన్నిది.

మీ
సైలెన్సు